ఎండపొడ ‘ఉదాత్తం’ అవుతుందా?

సందేహం: ఒక చిత్రకారిణి ప్రదర్శనకు పరిచయ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఆమె బొమ్మల్లో ఆకారాలుండవు, రంగులే. గోడ మీది ఎండ, తడి గచ్చు, వేలాడే బట్ట వంటి మామూలు వాటిలో తనకు అనుభవమయ్యే ‘సబ్లైమ్’ని, అంటే మనిషిని నివ్వెరపరిచే మహోన్నతమైన అనుభూతిని, రంగుల్లోకి తేవాలని ఆమె ప్రయత్నం. ‘దైనందిన జీవితంలోని ఉదాత్తతను అన్వేషించే నైరూప్య చిత్రకారిణి’ అని రాశాను. ‘ఉదాత్తత’ ఇక్కడ అతకలేదనీ, ‘నైరూప్య’ తప్పు, ‘నిరూప’ అనాలనీ ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మొదటి అభ్యంతరం న్యాయమైనదే. రెండోది నిలవదు.

ముందు ఆ రెండోది తేల్చేద్దాం. నిర్ + రూప కలిస్తే ‘నీరూప’ అవుతుంది, నిర్ + రస ‘నీరస’ అయినట్టే. రేఫ (ర్) పక్కన రేఫ వస్తే మొదటిది లోపించి, ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. ఆ నీరూపానికి భావార్థకం నైరూప్యం. వాడుకలో స్థిరపడిన మాట, నిశ్చింతగా ఉంచండి. తర్కశాస్త్రంలో గాలికి చెప్పే లక్షణం ఒకటుంది: ‘రూపరహితస్పర్శవాన్ వాయుః’. రూపం లేదు, స్పర్శ ఉంది. మంచి నైరూప్య చిత్రం ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఫలానా వస్తువని గుర్తుపట్టలేం, అయినా ఏదో వచ్చి తగులుతుంది.

ఇక ఉదాత్తం. దీనికి మూలంలో ఎత్తు అనే అర్థం ఉంది. వేదస్వరాల్లో ఎత్తులో పలికేదాన్ని పాణిని ‘ఉచ్చైరుదాత్తః’ అన్నాడు. లాంగినస్ పేరు మీద ఉన్న గ్రీకు గ్రంథం ఈ భావానికి వాడిన ‘హుప్సొస్’ అనే మాటకీ ఎత్తు అనే అర్థం. కాబట్టి సబ్లైమ్‌కి ఉదాత్తం అన్నవాళ్లు ఆలోచించే అన్నారు.

చిక్కెక్కడంటే, తెలుగులో ఈ మాట మనిషి గుణానికి అంటుకుపోయింది. ధీరోదాత్త నాయకుడు, ఉదాత్తమైన ఆశయం, ఉదాత్త పాత్ర అంటాం. మీ వాక్యం చదివినవాళ్లు, మామూలు మనుషుల త్యాగాలనూ మంచితనాన్నీ ఈమె బొమ్మలు వేస్తోందనుకుంటారు. బార్నెట్ న్యూమన్ అనే అమెరికన్ చిత్రకారుడు 1950–51లో దాదాపు 5.4 మీటర్ల వెడల్పున ఎర్రటి చిత్రం ఒకటి వేసి ‘వీర్ హీరోయికస్ సబ్లిమిస్’ అని లాటిన్ పేరు పెట్టాడు. వీరుడూ ఉదాత్తుడూ అయిన పురుషుడు అని దాన్ని తెలుగు చేస్తే చక్కగా కుదురుతుంది, అక్కడ మాట మనిషి గురించి కాబట్టి. గోడ మీది ఎండపొడకి ఆ విశేషణం తగిలిస్తే నిలవదు.

వేరే మాటలు చూద్దాం. ‘మహిమ’, ‘మహత్తు’ అంటే మంత్రమో మందో గుర్తొస్తుంది. ‘దివ్యం’ నేరుగా దేవుడి దగ్గరికి తీసుకుపోతుంది. ‘అద్భుతం’ వాడి వాడి అరిగిపోయింది. పైగా 1757లో ఎడ్మండ్ బర్క్ అనే ఐరిష్ రచయిత సబ్లైమ్‌ని వివరించినప్పుడు దానికి మూలం భయమన్నాడు, ప్రమాదం మన మీదికి రానంత దూరంలో ఉన్నప్పటి భయం. మన రసశాస్త్రంలో భయానికి భయానకం, విస్మయానికి అద్భుతం వేర్వేరుగా ఉన్నాయి. రెండూ కలిసే చోటుకి చప్పున అందే పేరు కనబడదు. క్రియలు మాత్రం ఎన్నో ఉన్నాయి: ఒళ్లు గగుర్పొడిచింది, నోట మాట రాలేదు, ఉన్నచోటే నిలబడిపోయాను. తెలుగువాళ్లం ఈ అనుభవాన్ని ఎక్కువగా ఇలాగే చెప్పుకుంటాం.

మొన్న పొద్దున్నే బల్ల మీద గ్లాసులో నీళ్లున్నాయి. కిటికీలోంచి ఎండ పడి, పైకప్పు మీద ఓ వెలుగు మరక వణుకుతోంది. నేను రాస్తూ చెయ్యి కదిపినప్పుడల్లా అది చీలిపోయి మళ్లీ కలుసుకుంటోంది. కలం పక్కన పెట్టి చాలాసేపు చూశాను. మీ ఉత్తరం అప్పటికే వచ్చి ఉంది గనక, దీన్ని ఏమనాలి అని నన్ను నేనే అడుగుకున్నాను. ‘ఉదాత్తంగా ఉంది’ అని తోచలేదు. ‘ఈ లోకంలోది కానట్టుంది’ అనే నోటికొచ్చింది. దాన్నే ఒక్క మాటలో అంటే అలౌకికం.

‘నిత్యజీవితం’ పక్కన ‘అలౌకికం’ పెడితే పొసగదేమో అనిపించవచ్చు. కానీ అలంకారశాస్త్రం రసానుభవాన్నే అలౌకికమంది. లోకంలోని మామూలు కారణాలే కావ్యంలోకి వచ్చేసరికి విభావాలు, అంటే రసాన్ని పుట్టించేవి, అవుతాయి, అక్కడే అలౌకికత మొదలవుతుంది. మీ చిత్రకారిణి చేస్తున్నదీ అదే కదా! బర్క్ చెప్పిన భయం ఈ మాటలో రాదు, నిజమే. తడి గచ్చు చూసి ఆమె భయపడుతోందని మీరూ రాయలేదు.

‘అన్వేషించే’ దగ్గర కూడా కాస్త ఆగండి. సీతాన్వేషణ అన్నట్టు, కంటికి కనబడకుండా ఉన్నదాని కోసం వెతకడం అది. ఈమెకు కావలసింది రోజూ కళ్లెదుటే ఉంది. తెలుగులో ‘ఆనవాలు పట్టడం’ అనే మంచి పలుకుబడి ఉంది, ఇక్కడ అది బాగుంటుంది. నేనైతే ఇలా రాస్తాను: ‘మామూలు రోజుల్లోని అలౌకికాన్ని ఆనవాలు పట్టే నైరూప్య చిత్రకారిణి’.

వ్యాసంలో బర్క్, జర్మన్ తత్త్వవేత్త కాంట్‌ల సిద్ధాంతాల చర్చ కూడా ఉంటే అక్కడ మాత్రం ‘ఉదాత్తం’ ఉంచండి. మొదటిసారి వచ్చినచోట దాని పక్కనే ‘సబ్లైమ్’ అనీ రాయండి, చదివేవాళ్లు తికమకపడరు.