నాన్నగారు పెట్టుడు పన్ను మింగేశారు, నొప్పి లేదు, ఆగొచ్చా?

రాత్రి మాత్రలతో పాటు తీగ క్లిప్పున్న పెట్టుడు పన్ను కూడా లోపలికి పోయిందనీ, అరటిపళ్లు పెడితే అదే పోతుందని చుట్టాలు చెబుతున్నారనీ రాశారు. ఆగకండి. అరటిపండు, అన్నం ముద్ద, చివరికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూడడం) చేసే ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరండి. కడుపు నిండా ఉంటే మత్తు ఇవ్వడం కష్టం, లోపల వస్తువూ కనబడదు.

చుట్టాల మాట పూర్తిగా తప్పనీ కాదు. మింగిన వస్తువుల్లో నూటికి 80-90 వాటంతటవే బయటికి పోతాయి. కానీ తీగ మొన అన్నవాహికకు గుచ్చుకుంటే కన్నం పడొచ్చు. అందుకే మొనదేలినది అన్నవాహికలో ఉంటే వీలైతే 2 గంటల్లో, మహా అయితే 6 గంటల్లో తీయాలనీ, పొట్టలోకి దిగితే 24 గంటల్లో తీయాలనీ యూరప్ ఎండోస్కోపీ నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి.

మా మావయ్యకూ ఇలాగే అయింది. మొదట వెళ్లిన చోట పొట్టకు మాత్రం ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు, ఇంటికెళ్లమన్నారు. పన్ను ఉన్నది ఛాతీ పైభాగంలో! పన్ను చిగురు భాగంలో ఉండే గులాబీ రంగు ప్లాస్టిక్ (అక్రిలిక్) ఎక్స్‌రేలో సరిగా పడదు, తీగ ఒక్కటే సన్నగా కనిపిస్తుంది. కాబట్టి మెడ నుంచీ తీయమని అడగండి. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ చేస్తారు. ఎక్స్‌రేలో కనబడేందుకు ఇచ్చే బేరియం ద్రవం తాగించడం మాత్రం వద్దు, దాంతో లోపలంతా కప్పేసి ఎండోస్కోపీకి అడ్డమవుతుంది.

పెద్దాసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి, ఊపిరితిత్తుల్లోకి ఏమీ జారకుండా శ్వాసనాళంలో గొట్టం పెట్టారు. ఎండోస్కోపీ గొట్టం చివర మెత్తటి తొడుగు వేసి, చిన్న పటకారుతో పన్నును పట్టుకుని, తీగ మొన వెనకాలే వచ్చేలా తిప్పి లాగారట. నైపుణ్యమంతా ఆ తిప్పడంలోనే ఉందన్నారు డాక్టరుగారు. తర్వాత మళ్లీ ఎండోస్కోపీ గొట్టం దించి గీతలేమైనా పడ్డాయేమో చూశారు. చిన్న గీత ఉందని రాత్రికి ఉంచి, మర్నాడు ద్రవాహారంతో మొదలుపెట్టించారు. అదే పన్ను కడిగి పెట్టుకుంటానని మావయ్య పేచీ, అది వేరే కథ.

చొంగ కూడా మింగలేకపోయినా, మెడ ఉబ్బినా, ఛాతీలో నొప్పి, జ్వరం వచ్చినా దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. పన్ను ఫొటో ఉంటే, లేదా పళ్ల డాక్టరు దగ్గర అచ్చు ఉంటే పట్టుకెళ్లండి, ఎన్ని తీగలున్నాయో ముందే తెలుస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా.