ఒకటో తరగతి పిల్లలకు ఫ్లాష్ కార్డులతో కూడికలు నేర్పవచ్చా?

మీ బాబుకి రోజూ కూడికల కార్డులు చూపిస్తున్నానన్నారు. 5+3 కార్డు తీస్తే టకీమని ఎనిమిది అంటాడు, 3+5 తీస్తే మళ్ళీ వేళ్ళు లెక్కపెడతాడు, ఈ మధ్య డబ్బా తెరిస్తేనే ఏడుపు. ఆపేయాలా, ఇలాగే కొనసాగించాలా, ఎక్కాల కార్డులు కూడా కొనాలా అని అడిగారు.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చెప్తానండి. ఇంట్లో మా ఇద్దరు పిల్లలకూ ఇలాగే నేర్పాను. నా మాట వింటే కొన్నాళ్ళు ఆ డబ్బా అటక మీద పెట్టేయండి. కార్డులు చెడ్డవని కాదు, వాటి వంతు ఇంకా రాలేదు. అర్థమైన లెక్కని నోటికి తేవడానికే కార్డు పనికొస్తుంది, అర్థం చేయించే పని దానివల్ల కాదు. మీ బాబు 5+3 అనే కార్డుని ఒక బొమ్మలా గుర్తుపెట్టుకున్నాడు. అంకెలు అటూ ఇటూ మారేసరికి అది వాడికి వేరే బొమ్మ అయిపోయింది.

ముందు చింతపిక్కలు తీసుకోండి. పళ్ళెంలో ఒక పక్క ఐదు, ఇంకో పక్క మూడు పెట్టి మొత్తం ఎన్నో చెప్పించండి. తర్వాత ఒక్క పిక్క కూడా కదపకుండా పళ్ళెం తిప్పి, ఇప్పుడెన్ని అని అడగండి. చాలామంది మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. పెట్టనివ్వండి, తొందర వద్దు. మా క్లాసులో ఒక పాప చాలాసార్లు అలా లెక్కపెట్టి, ఒకరోజు పళ్ళెం తిప్పుతుండగానే నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఎటు తిప్పినా అవే కదా టీచర్!" అంది. ఆ మాట పిల్లల నోట రావాలి. అప్పుడు కార్డులు తీయొచ్చు.

తీసినా, మొదటి కార్డుల మీద అంకెలు ఉండకూడదు, చుక్కలే ఉండాలి. కొనక్కర్లేదు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, ఖాళీగా ఉన్న అట్ట ముక్కలుగా కత్తిరిస్తే సరిపోతుంది. మూడు నాలుగు చుక్కల వరకూ లెక్కపెట్టకుండానే, చూడగానే చెప్పేస్తారు. ఐదుని పాచిక మీద ఉన్నట్టు వేయండి. ఆరు నుంచి పది వరకూ మాత్రం ఐదేసి గళ్ళవి రెండు వరుసలు గీసి ఆ గళ్ళలో చుక్కలు పెట్టండి. ఏడు చుక్కలు పెడితే మూడు గళ్ళు ఖాళీ. పదికి మూడు తక్కువని ఎవరూ చెప్పకుండానే కంటికి కనిపిస్తుంది. రేపు 8+5 వచ్చినప్పుడు ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికిచ్చి పది చేసి, మిగిలిన మూడు కలిపి పదమూడు అనడం ఇక్కడి నుంచే వస్తుంది. నాకైతే అన్నిటికన్నా ఈ గళ్ళ కార్డులే ఎక్కువ ఇష్టం.

ఇక అంకెల కార్డులు. పెద్ద డబ్బా చూసి మీరు కూడా బెదరక్కర్లేదు. 1 నుంచి 9 వరకు అంకెలతో కూడికలు మొత్తం 81. తిప్పినా అదే అని తెలిసిన పిల్లలకు అవి 45. వాటిలో 1 కలిపేవి తొమ్మిది ఉంటాయి, అవి తీసేయండి, తర్వాతి అంకె చెప్పడమే కాబట్టి. 4+4 లాంటి జంటలు పిల్లలకు తేలిగ్గా పట్టుబడతాయి. పది చేసేవి గళ్ళలో చూశారు. 2 కలిపేవి రెండు అడుగులు ముందుకు. 9 కలపాలంటే పది కలిపి ఒకటి తగ్గించడం. 6+7 అంటే 6+6 కన్నా ఒకటి ఎక్కువ, ఇలాంటి జంటల పక్కవి కూడా పోతాయి. ఇవన్నీ పోగా మిగిలేవి 3+5, 3+6, 3+8, 4+7, 4+8, 5+7, 5+8, 6+8. ఎనిమిదే ఎనిమిది! మీ ఓపికంతా వీటి మీద పెట్టండి.

ఒకసారికి ఏడెనిమిది కార్డులు, అందులో కొత్తవి ఒకటో రెండో. ఐదు నిమిషాలు దాటనివ్వద్దు. మూడు ఖాళీ డబ్బాలు పెట్టుకుంటే పని తేలిక. మొదటి డబ్బా రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికోసారి. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి డబ్బాలోకి, తప్పినది తిరిగి మొదటి దానిలోకి. ఇది సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ భాషా రచయిత 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, పెద్ద పరీక్షలకు చదివేవాళ్ళు కూడా వాడతారు. జవాబు కార్డు వెనకే ఉండాలి. కొన్ని కొన్న కార్డుల్లో ముందే మామిడిపళ్ళ బొమ్మలు ఉంటాయి, పిల్లలు ఆ పళ్ళు లెక్కపెట్టి చెప్పేస్తారు. దానివల్ల ఏమీ గుర్తుండదు.

స్టాప్‌వాచ్ మాత్రం దయచేసి వద్దు. టైమ్ పెడితే టెన్షన్ పడి, వచ్చినది కూడా మర్చిపోతారు. వేళ్ళు వాడుతుంటే కసరకండి. 2+7 కి ఒకటి నుంచి కాకుండా పెద్ద అంకె పట్టుకుని "ఏడు... ఎనిమిది, తొమ్మిది" అనడం నేర్పండి, వేళ్ళ అవసరం దానంతటదే తగ్గుతుంది. సరిగ్గా చెప్పినప్పుడు కూడా అప్పుడప్పుడు "ఎలా చెప్పావు నాన్నా?" అని అడగండి. ఆ జవాబులో మీకు చాలా తెలుస్తుంది.

తీసివేతలకు వేరే కార్డులు కొనకండి. అట్టని త్రిభుజంలా కత్తిరించి పై మూల 8, కింది మూలల్లో 5, 3 రాయండి. బొటనవేలితో పైది మూస్తే కూడిక, కిందిదొకటి మూస్తే తీసివేత. ఒక్క ముక్కతో 5+3, 3+5, 8-5, 8-3 నాలుగూ వస్తాయి.

ఎక్కాల కార్డులు ఇప్పుడే వద్దండి. రెండేసి పిక్కల కుప్పలు నాలుగు పెట్టి మొత్తం ఎన్నో తనే చెప్పగలిగాక 2, 5, 10 ఎక్కాలతో మొదలుపెట్టండి.