హ్యూస్టన్ కి కొత్తగా వచ్చారా, అయితే తిండి సంగతి ముందు వినండి

కొత్తగా దిగిన తమ్ముళ్ళు చెల్లెళ్ళు అందరూ మొదటి వారంలో అడిగేది ఒకటే, అన్నా ఇక్కడ మన హోటల్ ఎక్కడుంది అని. ముందు ఆ మాటే మార్చుకోవాలి, ఇక్కడ హోటల్ అంటే పడుకునే చోటు, తినే చోటు రెస్టారెంట్. నవ్వుకోకండి, నేను 2007 లో వచ్చినప్పుడు ఆఫీసులో ఒకావిడని మీ ఇంటి దగ్గర మంచి హోటల్ ఉందా అని అడిగితే ఆవిడ నా మొహం వంక అదోలా చూసింది.

ఆ పడుకునే హోటల్ గురించి కూడా రెండు ముక్కలు. అపార్ట్‌మెంట్ దొరికేదాకా కిచెన్ ఉన్న ఎక్స్‌టెండెడ్ స్టే, అంటే వారాల తరబడి ఉండే హోటల్ రూమ్ తీసుకోండి, బయట తిండి ఖర్చు సగానికి సగం మిగులుతుంది. హ్యూస్టన్ సిటీలో రూమ్ రేటు మీద హోటల్ టాక్స్ 17 శాతం పడుతుంది, అది ఎవరూ ముందు చెప్పరు. కానీ 30 రోజులో ఇంకా ఎక్కువో వరసగా ఉంటాం అని మొదటి రోజే రాసిస్తే టెక్సాస్ లో ఆ టాక్స్ ఉండదు, కాబట్టి నెల ఉండేట్టుంటే చెకిన్ లోనే అడగండి. ఇంకోటి, ఆ రూముల్లో ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టకండి. నేను పెట్టాను. స్మోక్ అలారం మోగి మా ఫ్లోర్ లో వాళ్ళంతా పార్కింగ్ లాట్ లోకి దిగారు, నేను లుంగీ మీద గరిటెతో సహా దిగాను.

ఇక అసలు విషయం. మనవాళ్ళు చాలామంది పదేళ్ళు ఇక్కడుండి కూడా శని ఆదివారాలు వస్తే అదే బిర్యానీ, అదే ఇడ్లీ దోశ బఫే, అంతకు మించి గడప దాటరు. మన తిండి దొరకదని కాదు, హిల్‌క్రాఫ్ట్ వైపు వెళ్తే ఆ ఏరియాకి 2010 నుంచి మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ అనే పేరే ఉంది, స్వీట్లు కూరగాయలు చీరలు అన్నీ అక్కడే. పేర్‌లాండ్ మీనాక్షి గుడికి వెళ్తే దర్శనం అయ్యాక క్యాంటీన్ ఉంది, వీకెండ్ అక్కడ లైన్ చూస్తే ఎవరు దేనికొచ్చారో చెప్పలేం. కానీ నేను చెప్పేది ఏంటంటే, ఈ ఊళ్ళో మన నాలుకకి దగ్గరగా ఉండే రుచులు మనవి కాని చోట్ల బోలెడున్నాయి, కాకపోతే ఏం అడగాలో తెలియాలి, ఎందుకంటే ఇక్కడ పేర్లు మోసం చేస్తాయి.

ఉదాహరణకి చిల్లీ. చిల్లీ అంటే మిరపకాయే కదా అని నేను వచ్చిన కొత్తలో చిల్లీ ఫ్రైస్ ఆర్డర్ చేశా, మా ఇంట్లో బీఫ్ ముట్టరు, రెండు ముక్కలు తిన్నాక తెలిసింది అది గొడ్డు మాంసం కూర అని. తప్పు వాళ్ళది కాదు, టెక్సాస్ లో చిల్లీ అంటే అదే, 1977 లో దాన్ని రాష్ట్ర వంటకంగా కూడా ప్రకటించారు. చికెన్ ఫ్రైడ్ స్టేక్ అని ఉంటుంది, అందులో చికెనే ఉండదు, బీఫ్ ని చికెన్ లాగా పిండిలో ముంచి వేయించినది. చికెన్ కావాలంటే చికెన్ ఫ్రైడ్ చికెన్ అనాలి, వినడానికి ఎలా ఉన్నా. ఫహీటా అని కాల్చిన మాంసం ముక్కలు రొట్టెలో పెట్టుకుని తినేది ఉంటుంది, ఆ మాటకి కూడా అసలు అర్థం బీఫ్ లో ఒక భాగం, కాబట్టి చికెన్ ఫహీటా అని స్పష్టంగా చెప్పండి. ఈ ఫహీటాలకి ఇంత పేరు రావడంలో మన ఊరిదే పెద్ద చెయ్యి, 1973 లో నిన్ఫా లారెంజో అనే ఆవిడ నావిగేషన్ బులవార్డ్ లో తన టోర్టిల్లా (మెక్సికన్ రొట్టె) ఫ్యాక్టరీ పక్కన 10 టేబుళ్ళు వేసి రెస్టారెంట్ మొదలుపెట్టింది.

వెజిటేరియన్లు మెక్సికన్ చోట రెండు ప్రశ్నలు అడగాలి, బీన్స్ లో లార్డ్ ఉందా, రైస్ చికెన్ బ్రాత్ లో వండారా. లార్డ్ అంటే పంది కొవ్వు, స్పానిష్ లో మాంతేకా. బ్లాక్ బీన్స్ అడిగితే సాధారణంగా కాస్త నయం, అయినా అడగండి. గుడ్డు తినేవాళ్ళయితే పొద్దున పూట పొటాటో ఎగ్ టాకో తినొచ్చు, రొట్టెలో లార్డ్ లేదని అడిగి, పచ్చ సాల్సా ఎక్కువ వేయించుకుంటే మన చట్నీకి చుట్టం లాగే ఉంటుంది. బార్బెక్యూ దగ్గర అంతా తూకం, పౌండ్ల లెక్క. బీఫ్ వద్దంటే టర్కీ అడగండి, సాసేజ్ లో ఏముందో కనుక్కోండి, బీన్స్ లో కూడా మాంసం ముక్కలేస్తారు.

బెల్‌ఎయిర్ బులవార్డ్ వియత్నాం వాళ్ళది, నాకు ఈ ఊళ్ళో అన్నిటికంటే ఇష్టమైన రోడ్డు. అక్కడ బోర్డు మీద 'చై' అని ఉంటే టీ అనుకోకండి, వాళ్ళ భాషలో శాకాహారం అని. ఆ మాట లేకపోతే చేపల సాస్ దేంట్లో అయినా ఉండొచ్చు. మాంసాహారం తినేవాళ్ళకైతే వియట్ కేజన్ క్రాఫిష్ అని ఉంటుంది, క్రాఫిష్ అంటే రొయ్యకి చుట్టం లాంటి మంచినీటి జీవి, లూజియానా మసాలాలో ఉడికించి వెన్న వెల్లుల్లిలో పొర్లిస్తారు, ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి సీజన్. మాది గోదావరి పక్క కాబట్టి చెప్తున్నా, తల పీల్చడం వస్తేనే అందులో మజా, నాజూగ్గా ఫోర్కుతో కుదరదు. రొయ్యలు కావాలంటే ఫ్రోజెన్ ప్యాకెట్లు మానేసి సీబ్రూక్ లో బోట్ల పక్కన చేపల కొట్లకి వెళ్ళండి, తలకాయలతో సహా గల్ఫ్ రొయ్యలు ఇస్తారు, ఇగురు పెట్టుకుంటే ఆ రుచే వేరు.

టిప్ గురించి అందరూ గొణుగుతారు. కూర్చోబెట్టి వడ్డించే చోట 18 నుంచి 20 శాతం పెట్టండి, ఇక్కడ వెయిటర్లకి ఓనర్ ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 2.13 డాలర్లే, మిగతాది మన టిప్పులే. పెద్ద గుంపుగా వెళ్తే బిల్లులోనే వేసేస్తారు, చూసుకోకుండా రెండోసారి ఇవ్వకండి. కౌంటర్ దగ్గర కొనుక్కుని మోసుకెళ్ళే దానికి స్క్రీన్ తిప్పి అడుగుతారు, అది మీ ఇష్టం. పైన 8.25 శాతం సేల్స్ టాక్స్ ఎలాగూ ఉంది. మామూలుగా బియ్యం పప్పు కూరగాయలకి ఆ టాక్స్ లేదు, అందుకే వారంలో ఐదు రోజులు ఇంట్లో వండుకోండి అని మా ఆవిడ కొత్తవాళ్ళందరికీ చెప్తుంది. మెక్సికన్ సూపర్ మార్కెట్లో కొత్తిమీర, పచ్చిమిర్చి, చింతకాయలు చవక, చయోటే అని ఉండేది మన బెంగుళూరు వంకాయే.

వాట్సాప్ లో ఆంటీల దగ్గర కూరల డబ్బాలు, పచ్చళ్ళు కొనుక్కోవచ్చు, చాలామందికి అదే ఆధారం. మీరే అమ్మాలనుకుంటే మాత్రం జాగ్రత్త. టెక్సాస్ లో ఇంట్లో వండి అమ్మడానికి కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది, 2025 సెప్టెంబర్ నుంచి ఇంకా చాలా వంటకాలకి వీలిచ్చారు, కానీ మాంసం చేపలు అందులో లేవు, అంటే చికెన్ పచ్చడి రొయ్యల పచ్చడి కుదరవు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు చెయ్యాలి, లేబుల్ వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) లేని హెచ్ 4 వాళ్ళు, అంటే హెచ్ 1 ఉద్యోగుల మీద వచ్చిన ఇంటివాళ్ళు, ఎఫ్ 1 వీసా స్టూడెంట్లు రెండు డబ్బాలే కదా అని మొదలుపెట్టకండి, వీసాకి చుట్టుకుంటుంది.

చివరిగా గోంగూర. ఇక్కడి ఎండలకి ఏప్రిల్ లో విత్తితే జూన్ కల్లా కోసినంత. కరివేపాకు మాత్రం కుండీలో పెట్టి చలికి లోపలికి లాగండి, 2021 ఫిబ్రవరి మంచుకి మా ఎనిమిదేళ్ళ చెట్టు ఒక్క రాత్రిలో పోయింది. మెక్సికన్ షాపుల్లో హమైకా అని ఎర్రటి పుల్లటి షర్బత్ అమ్ముతారు చూడండి, అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పువ్వు కింద ఉండే ఎర్రటి తొడుగులు ఎండబెట్టి చేసేదే. మా పక్కింటి మెక్సికన్ ఆవిడకి ఆకు కూడా తింటారని తెలీదు, నాకు పువ్వు తాగుతారని తెలీదు. ఇప్పుడు నేను ఆకు కోసుకుంటా, అక్టోబర్ లో పూతకి ఆవిడ కత్తెర పట్టుకుని మా పెరట్లోకి వచ్చేస్తుంది.