మాత్రల డబ్బా

అమ్మడూ,

మా అన్నయ్యకి, అదే మీ నాన్నకి, మెదడులో కణితి ఆపరేషన్ అయ్యాక ఉద్యోగం మానేసి నువ్వే దగ్గరుండి చూసుకుంటానన్నావని వదిన చెప్పింది. గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఉద్యోగం మానేయకు, సెలవు పెట్టు. అదీ మొదటే అంతా వాడేయకు. రేడియేషన్ ఆరు వారాలన్నారుగా, దాని నీరసం అది అయిపోయాక కూడా కొన్ని వారాలుంటుంది. నీ అవసరం అప్పుడే ఎక్కువ.

బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు, అదిమి పట్టుకోకు, టైం చూసుకో. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాల్సిందే. నోట్లో చెంచా పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు, వినకు.

ఇక డెక్సామెథసోన్. మెదడులో కణితి చుట్టూ చేరే వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ అది. మీ మామయ్యకి మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లోనే తలనొప్పి తగ్గింది. ఆ తర్వాత మనిషే మారిపోయారు. రాత్రి మూడింటికి లేచి బీరువా అంతా కిందికి లాగి సర్దేవారు. ఎంత తిన్నా ఆకలే. ఎన్నడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి ఒకరోజు గ్లాసు విసిరికొట్టారు. మాత్ర వల్లేనని కనిపెట్టాను. నేను కనిపెట్టింది నిజమే. కానీ డాక్టర్‌ని అడక్కుండా నేనే మానిపించేశాను.

మర్నాటి రాత్రి హాయిగా పడుకున్నారు. పొద్దున లేచి, సారీ అన్నారు. నా మనిషి నాకు తిరిగొచ్చాడని ఎంత పొంగిపోయానో! మూడో రోజు వాంతులు. లేపితే కళ్ళు తెరవలేదు.

ఆస్పత్రిలో "మందులన్నీ ఇస్తున్నారా?" అని అడిగారు. పిల్లలు పక్కనే ఉన్నారు. "ఇస్తున్నానండీ" అన్నాను.

కణితి పెరిగిందేమోనని స్కాన్‌కి తీసుకెళ్ళారు. గంట తర్వాత నర్సు ఒక్కతే ఉన్నప్పుడు నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు, "ముందే చెప్పాల్సిందమ్మా" అంటూ లోపలికి పరుగెత్తింది. కొన్నాళ్ళు వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే వాపు తిరిగొస్తుంది, ఒళ్ళూ తట్టుకోలేదు. డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి. మామయ్య కోలుకున్నాక వాళ్ళు చేసిన మార్పల్లా ఒకటే, సాయంత్రం మాత్ర పొద్దుటికి మార్చారు. రాత్రిళ్ళు కాస్త నిద్ర పట్టడం మొదలైంది. నేను అడిగుంటే మొదటి వారమే మార్చేవాళ్ళు.

మామయ్య ఆ తర్వాత ఏడాది పైనే ఉన్నారు. ఆ గంట సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలకి ఇప్పటికీ తెలియదు. నీకే రాస్తున్నాను.

ఏ రోజు ఏ మందు ఇచ్చావో, అన్నయ్య ఎలా ఉన్నాడో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు. మర్చిపోతే మర్చిపోయానని రాయి. అన్నయ్య నీ మీద అరిస్తే పక్క గదిలోకి వెళ్ళి ఏడువు, నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా సరే. చిన్నప్పుడు నన్ను ఎవరైనా ఏడిపిస్తే వాళ్ళ ఇంటి మీదికి గొడవకి వెళ్ళినవాడు మీ నాన్న. ఆ అరిచేది వాడు కాదు.

శనివారం వస్తున్నాను. రాత్రిళ్ళు నేను చూసుకుంటాను, నువ్వు పడుకో. నా మీద నమ్మకం లేకపోతే మాత్రల డబ్బా నీ దిండు కింద పెట్టుకో.

మీ అత్త