డాబా మీద మల్లెలు పెంచబోతున్న చిన్నికి

చిన్నీ,

డాబా మీద పాతిక కుండీలు పెట్టి, ఇకమీదట పూజకి పువ్వులు కొననన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విశాఖ పూర్ణా మార్కెట్లో మూర పూలు బేరమాడటం కూడా చేతకాని పిల్లవి, ఇంత పని నెత్తికెత్తుకున్నావంటే ముచ్చటేసింది. ఆ వెనకే మీ మూడో అంతస్తు పిట్టగోడ గుర్తొచ్చి కాళ్ళు వణికాయి. అందుకని ముందు దాని సంగతే.

పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా పెట్టకు. ఇనప స్టాండు బిగించినా సరే, వద్దు. 12 అంగుళాల కుండీ మట్టి తడిస్తే 20 కిలోల దాకా తూగుతుంది, కిందేమో పిల్లలు ఆడుకునే చోటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి కైలాసగిరి మీద చెట్లే నిలవలేదు, నీ కుండీ ఎంత? తుఫాను కబురు వినగానే కుండీలన్నీ మెట్లగది గోడ వారకి చేర్చి, పక్కకి పడుకోబెట్టి, ఒకదానికొకటి ఆనించి తాడుతో కట్టెయ్. డాబా నీళ్ళు పోయే గొట్టానికి ఆకులు అడ్డం పడకుండా చూడు. గాలి తగ్గాక మొక్కల్ని తలస్నానం చేయించినట్టు మంచినీళ్ళతో కడుగు. సముద్రం మీంచి వచ్చిన ఉప్పు ఆకుల మీద ఆరితే అంచులు మాడిపోతాయి.

మట్టి సంగతి చిన్నదే. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్ళు, కుండీకో గుప్పెడు వేపపిండి. కుండీలు శ్లాబు కింద దూలాలున్న చోట, గోడల వెంబడి ఉండాలి, శ్లాబు నడిమధ్యన కాదు. కింద రెండేసి ఇటుకలు పెట్టు, పళ్ళేలు పెట్టకు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. అది అలాగే పాతేస్తే చుట్టూ ఉన్న మట్టి తడుస్తుంది, ముద్ద లోపల ఎండిపోతుంది. కాసేపు నీళ్ళలో నానబెట్టి, అంచులు మెల్లగా వదులు చేసి పాతు.

ఇక మల్లె. ఇది మాత్రం నిదానంగా చదువు, ఎందుకంటే మన ఇంట్లో మూడు వేసవులు పాడుచేసుకున్నది దీని దగ్గరే. నవంబరు చివర మల్లె ఆకు పసుపు తిరుగుతుంది. అయ్యో అనిపిస్తుంది. మరో చెంబు నీళ్ళు, గుప్పెడు యూరియా పడతాయి. ఆకు మళ్ళీ నిగనిగలాడుతుంది, మనకి సంతోషం. వేసవి వచ్చేసరికి మొక్క పొద అయిపోతుంది, పూలు మాత్రం పదో పన్నెండో. మల్లె మొగ్గ తొడిగేది కొత్త రెమ్మకి. పాత కొమ్మలన్నీ అలాగే ఉంటే కొత్త రెమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది? యూరియా అంతా ఆకుకే పోతుంది. ఆ పసుపు రంగు జబ్బు కాదమ్మా, నిద్ర. లేపకు.

నవంబరు ఆఖరి వారం నీళ్ళు ఆపు. ఈశాన్య రుతుపవనాల వాన పడుతూంటే కుండీని చూరు కిందకి జరుపు, లేకపోతే నువ్వు ఆపినా వాన ఆపదు. రెండు వారాలకి ఆకు వాడుతుంది. అప్పుడు పదునైన కత్తెరతో, ఎండుకొమ్మలూ సన్నకొమ్మలూ మొదటికంటా తీసేసి, మిగిలినవి కుండీ మట్టి నుంచి అడుగు ఎత్తు ఉంచి, కణుపుకి కాస్త పైన ఏటవాలుగా కత్తిరించు. మిగిలిన ఆకులు చేత్తో దూసెయ్. పైమట్టి రెండంగుళాలు తీసి, నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి, రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి వేసి కప్పు. అప్పుడు నిండా నీళ్ళు పొయ్యి. అంతవరకూ మోడులా ఉన్న దాన్ని చూసి, చంపేశావని మీ ఆయన దెప్పుతాడు. దెప్పనీ.

మొగ్గలొచ్చాక ఊదారంగు తిరిగినవి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. ఏరి, డాబా దాటించి పారెయ్. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లు, ఎండలో చల్లితే ఆకు కమిలిపోతుంది. ఈ లెక్కన వైశాఖ శుద్ధ తదియ నాటికి, అదే సింహాచలం అప్పన్న చందనోత్సవానికి, నీ మల్లెలు నిండుగా ఉంటాయి. సింహాచలం సంపెంగ కూడా పెడతానన్నావట. అది చెట్టమ్మా, నేల అడుగుతుంది. తప్పదంటే అంటుమొక్క తెచ్చి పెద్ద డ్రమ్ములో పెట్టు, అంతకు మించి ఆశపడకు.

మందారానికి తెల్లటి దూదిలా పిండినల్లి పడుతుంది. ముందు కాండం మీద చీమల బారు చూడు, అవి ఎక్కుతున్నాయంటే నల్లి ఉన్నట్టే. తులసికి వెన్నులు వచ్చినవి వచ్చినట్టు తుంచు, ఉంచితే గింజ కట్టి ముసలిదవుతుంది. ఆదివారం, ద్వాదశి మాత్రం చెయ్యి పెట్టకు. పారిజాతం పెడితే రాత్రే కింద పాత చీర పరువు. రాలినా పూజకి పనికొచ్చే పువ్వు అదొక్కటే కదా. సముద్రం వైపు గన్నేరు, నందివర్ధనం వరసగా పెడితే ఉప్పుగాలి కాస్త ఆగుతుంది. గన్నేరు పాలు విషం, కోశాక చేతులు కడుక్కో, పాపని దగ్గరకి రానివ్వకు.

నీళ్ళు పోసేముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడు. తడి తగిలితే ఆ పూట మానెయ్. చెంబు చేతిలో ఉంటే పొయ్యాలనే అనిపిస్తుంది నీకు, చిన్నప్పుడు ఉయ్యాల్లో బొమ్మకి కూడా పాలు పట్టిన దానివి.

సంక్రాంతికి వస్తున్నా. అప్పటికి మల్లె మోడు మీద గోరంత చిగుళ్ళు ఉండాలి. ఒక్క పాత ఆకు కనిపించిందో, తెచ్చిన అరిసెలు తిరిగి పట్టుకుపోతా.

మీ పెద్దమ్మ