30 శాతం చూపిస్తూనే ఆగిపోతోంది

ప్రశ్న: బ్యాటరీ 30 శాతం ఉందంటూనే ల్యాప్‌టాప్ ఠక్కున ఆగిపోతోంది. క్యాలిబ్రేషన్‌తో (శాతం చూపే మీటరును సరిచేయడం) బాగవుతుందా?

జవాబు: మీటరు లెక్క తప్పితే బాగవుతుంది. సెల్స్ అరిగిపోతే మాత్రం బ్యాటరీ మార్చాల్సిందే. 80 శాతం ఛార్జింగ్ పరిమితి పెట్టుకుని ఉంటే తీసేయండి. 100 శాతం ఎక్కించి, మరో రెండు గంటలు ప్లగ్‌లోనే ఉంచండి. ఫైళ్లు సేవ్ చేసి, స్లీప్ ఆపేసి, దానంతటదే ఆగేదాకా ఛార్జర్ లేకుండా వాడండి. మూడు గంటలు వదిలేసి, మధ్యలో తీయకుండా మళ్లీ నిండా ఎక్కించండి. లిథియం సెల్స్‌కు పూర్తి డిశ్చార్జ్ మంచిది కాదు కాబట్టి, ఇది తేడా కనిపించినప్పుడే చేయాలి. అయినా తీరు మారకపోతే విండోస్ బ్యాటరీ రిపోర్ట్‌లో డిజైన్ కెపాసిటీని (కొత్తలో ఉండాల్సిన సామర్థ్యం), ఫుల్ ఛార్జ్ కెపాసిటీని (ఇప్పుడు నిండా ఎక్కిస్తే పట్టేది) పోల్చండి. రెండోది సగానికి పడిపోతే కొత్తది వేయించండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందేమో! ఇవేవీ చేయకుండా వెంటనే వాడకం ఆపండి.