పంటి పోటు: డాక్టరును కలిసేలోపు ఇంట్లో ఏం చేయవచ్చు?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. కుడివైపు కింది దవడ పన్ను మూడు రోజులుగా పోటు పెడుతోంది. రాత్రి పడుకుంటే మరీ ఎక్కువవుతోంది. షుగరు, బీపీలకు మాత్రలు వాడుతున్నాను. పంటి డాక్టరు ఎల్లుండి రమ్మన్నారు. మందుల షాపులో యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు ఇచ్చారు గానీ ఇంకా వేసుకోలేదు. ఇంట్లో పెద్దవాళ్లు జిల్లేడు పాలు పెట్టమంటున్నారు. అంతవరకు నొప్పి ఎలా తగ్గించుకోవాలి?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి పిప్పి లోతుకు దిగి, పన్ను లోపలి నరం వాచినట్టు అనిపిస్తోంది. గట్టి గోడల మధ్య ఉండే ఆ మెత్తని భాగం ఉబ్బడానికి చోటుండదు కాబట్టే పోటు అంత తీవ్రంగా ఉంటుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి అది ఇంకా ఎక్కువవుతుంది. అందువల్ల ఈ రెండు రాత్రులు దిండు మీద దిండు వేసుకుని, తల ఎత్తుగా ఉండేలా పడుకోండి.

ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయండి. పళ్ల సందులో వేరుశెనగ పలుకో, మాంసం పీచో ఇరుక్కుంటే పంటి దారంతో మెల్లగా తీయాలే తప్ప పిన్నీసుతో గానీ, అగ్గిపుల్లతో గానీ పొడవవద్దు. ఐసు ముక్కలను బట్టలో చుట్టి, చెంప మీద బయటినుంచి 15 నిమిషాలు పెట్టుకోవచ్చు. వేడి కాపడం మాత్రం వద్దు, చీము పట్టి ఉంటే వాపు పెరుగుతుంది. లవంగ నూనె వాడేటట్టయితే ఒకటి రెండు చుక్కలు దూదికి అద్ది, పిప్పి ఉన్నచోట కాసేపు ఉంచి తీసేయండి. అందులోని యూజినాల్ అనే పదార్థానికి నొప్పిని మొద్దుబార్చే గుణం ఉంది, తాత్కాలికంగా పళ్లు నింపే మందుల్లో మేమూ దాన్నే వాడతాం. అయితే నూనెను చిగురంతా పూస్తే మండి పుండు పడుతుంది, మింగకూడదు, చిన్నపిల్లలకు అసలే వాడకూడదు.

జిల్లేడు పాలు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. నోటి లోపలి పొరను అవి కాలుస్తాయి, అదే వేలితో కన్ను తుడుచుకుంటే చూపుకే ప్రమాదం. ఆస్ప్రిన్ మాత్రను పంటి పక్కన పెట్టుకున్నా చిగురు కాలి తెల్లబడుతుంది. నశ్యం, గుడాకు పట్టించడం కూడా మానుకోవాలి. పెద్దలు మీ మేలు కోరే చెప్పారు, కానీ ఈ విషయంలో వారి మాట వినకండి.

ఇక మాత్రల సంగతి జాగ్రత్తగా చదవండి. లివరు జబ్బు, మద్యం అలవాటు లేకపోతే మీకు పారాసిటమాల్ మేలు: 500 మిల్లీగ్రాములవి ఒకటి లేదా రెండు, కనీసం ఆరు గంటల ఎడంతో, 24 గంటల్లో ఆరు మాత్రలకు మించకుండా. షాపుల్లో ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు అసిక్లోఫినాక్ లేదా డైక్లోఫినాక్ కలిసి ఉంటుంది కాబట్టి, రెండూ వేసుకుంటే మోతాదు తెలియకుండానే రెట్టింపవుతుంది. అంతేకాక ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి బీపీని పెంచుతాయి, కొన్ని రకాల బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీలకు హాని చేస్తాయి. మీ వైద్యుణ్ని అడగకుండా వాటిని వేసుకోవద్దు. నరం వాపుకు యాంటీబయాటిక్ పనిచేయదు; చీము వ్యాపించినట్టు డాక్టరు పరీక్షించి నిర్ధారించినప్పుడే దాని అవసరం. ఆ పొట్లం విప్పకుండా అలాగే ఉంచండి.

నొప్పి వల్ల తినలేక షుగరు మాత్ర మాత్రం వేసుకుంటే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. గోరువెచ్చని మెత్తటి రాగి సంగటి, పప్పు, పెరుగన్నం రెండోవైపు నమలి వేళకు తినండి. నోటిలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చక్కెర పెరగవచ్చు కూడా, గనుక ఈ రెండు రోజులు పరీక్షించుకోవడం మంచిది.

దవడ కింద లేదా కంటి చుట్టూ వాపు రావడం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి కష్టమవడం, చలిజ్వరం – వీటిలో ఏది కనిపించినా ఎల్లుండి దాకా ఆగకండి, అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. షుగరున్నవారిలో పంటి చీము గొంతువైపు వేగంగా పాకుతుంది. నడిచినప్పుడు దవడ లాగి, ఛాతీ బిగిసి, చెమట పడితే అది గుండెకు సంబంధించినది కావచ్చు, వెంటనే ఈసీజీ తీయించుకోవాలి.

నేను ఎక్కువగా భయపడేది వేరొకటి. రేపు నొప్పి దానంతటదే ఆగిపోవచ్చు. నరం చచ్చిపోయినప్పుడు పోటు తగ్గుతుంది, జబ్బు మాత్రం వేరు చివరినుంచి ఎముకలోకి దిగుతూనే ఉంటుంది. అది నయమైందనుకుని చాలామంది ఇంట్లోనే ఉండిపోయి, నెలల తర్వాత ముఖం వాచి వస్తారు. మీరలా చేయకండి, నొప్పి లేకపోయినా వెళ్లండి. ఇప్పుడు వెళ్తే బహుశా రూట్ కెనాల్‌తో పన్ను దక్కుతుంది. ఖర్చు గురించి వెనకాడుతుంటే కడప రిమ్స్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ఆ రోజు ఉదయం టిఫిన్ తిని, షుగరు, బీపీ మాత్రలు మామూలుగానే వేసుకుని, వాడుతున్న మందులన్నింటి చీటీని, ఇటీవలి రక్త పరీక్ష రిపోర్టును వెంట తీసుకెళ్లండి.